టైపు మిషను పుట: పాత్రధారణ ఆటలకు పాత దస్త్రాల కూర్పు

పాత్రధారణ ఆట బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర పట్టుకుని, ఆ పాత్ర ఏమంటుందో, ఏం చేస్తుందో చెబుతారు. మాటలతో తేలనిదాన్ని పాచికలు తేలుస్తాయి. కథ నడిపేవారి కోసం ఊరు, మనుషులు, రహస్యం, దొరకవలసిన ఆధారాలు అన్నీ కలిపి ముందే రాసిపెట్టిన పుస్తకాన్ని ఆటగాళ్లు ‘అడ్వెంచర్’ అంటారు. ఈ వ్యాసంలో దాన్ని సాహసం అంటున్నాం. ఆ పుస్తకాన్ని గానీ, అందులోంచి ఆటగాళ్ల చేతికిచ్చే కాగితాలను గానీ పాత టైపు మిషను మీద కొట్టిన దస్త్రంలా కూర్చే పద్ధతి ఈ వ్యాస విషయం.

ఇంగ్లీషు ఆటల్లో ఈ పద్ధతి బాగా పాతుకుపోయింది. తెలుగులో చేయబోయేవారికి గోదావరి డెల్టాను మించిన నేల దొరకడం కష్టం. ధవళేశ్వరం ఆనకట్ట, కాలువలు, లాకులు, రాజమండ్రి జైలు, ఏజెన్సీ కొండల అంచు, డెల్టా మధ్యలో ఫ్రెంచి యానాం: ఇవన్నీ కాగితం పుట్టించిన చోట్లు. నీరు వదలాలంటే కాగితం, పన్ను కట్టాలంటే కాగితం, మనిషిని పట్టుకోవాలంటే కాగితం. అయితే ఇంగ్లీషు టైపు పుటకు ఉన్న రూపాన్ని తెచ్చి తెలుగు అక్షరాలకు తొడిగితే నప్పదు. తెలుగు టైపు మిషను వేసిన ముద్ర వేరు, ఆ మిషను ఆఫీసుల్లోకి వచ్చిన కాలం వేరు. ఈ రెండూ గుర్తెరిగి చేసిన పుటే నమ్మిస్తుంది.

ఇంతవరకు నడిచిన దారి

కాగితాన్ని ఆధారంగా పాఠకుడి చేతికే ఇచ్చేయడం పాత్రధారణ ఆటల కన్నా పాతది. 1936లో ఇంగ్లండులో డెనిస్ వీట్లీ, జె.జి. లింక్స్ కలిసి ‘మర్డర్ ఆఫ్ మయామీ’ అనే నేర దస్త్రాన్ని తెచ్చారు. అది నవలలా కట్టిన పుస్తకం కాదు. టైపు కొట్టిన పోలీసు నివేదికలు, తంతి వార్తలు, ఫొటోలు, ఒక అగ్గిపుల్ల, కొన్ని వెంట్రుకలు అన్నీ కలిపి కట్టిన ఫైలు. నేరస్థుడెవరో పాఠకుడే తేల్చుకుని, చివరన అతికించి మూసిన పుటలు చించి సరిచూసుకోవాలి. చదివేవాణ్ణి దర్యాప్తు అధికారి కుర్చీలో కూర్చోబెట్టిన ఆ ఆలోచనే తర్వాతి ఆటలకు పునాది.

1974 జనవరిలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పాత్రధారణ ఆట ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అమెరికాలోని లేక్ జెనీవా పట్నం నుంచి వెయ్యి ప్రతులతో వెలువడింది. మరుసటి ఏడు అరిజోనాలో కెన్ సెయింట్ ఆండ్రే ‘టన్నెల్స్ అండ్ ట్రోల్స్’ను విశ్వవిద్యాలయ ముద్రణశాలలో నూరు ప్రతులు వేయించాడు. అదే 1975లో లీ గోల్డ్ మొదలుపెట్టిన ‘అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్’ పత్రికకు ఆటగాళ్లే తమ పుటలు టైపు కొట్టి పంపేవారు. ఆ కాలపు ఆట పుస్తకాలకు టైపు రూపం ఒక అలంకారం కాదు. అందుబాటులో ఉన్న పనిముట్టు అదే. ఇప్పుడు ‘రెట్రో’ అని మనం కోరి తెచ్చుకుంటున్న రూపం అప్పటి బీదరికపు రూపం.

కోరి వాడటం 1980లలో మొదలైంది. 1981లో కేయోసియం సంస్థ తెచ్చిన ‘కాల్ ఆఫ్ కతూలూ’ 1920ల నాటి దర్యాప్తు కథలకు ఆట. శాండీ పీటర్సన్ దాని రూపకర్త. 1984లో అదే ఆటకు లారీ డిటిలియో, లిన్ విల్లిస్ రాసిన ‘మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్’ సాహసం ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులు, విజిటింగ్ కార్డులు చేతికిచ్చి ఆడించింది. ఆ తర్వాత దర్యాప్తు ఆటలన్నిటికీ అదే కొలబద్ద అయింది. 1997లో వచ్చిన ‘డెల్టా గ్రీన్’ గూఢచారి విభాగాల టైపు నివేదికలనే తన భాషగా చేసుకుంది.

తెలుగువారికి నేరపరిశోధన కథ కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో అద్దె పుస్తకాల దుకాణాల్లో నలిగిపోయేదాకా తిరిగారు. కానీ ఆ నవలల్లో హతుడి జేబులో దొరికిన చీటీ కూడా సాధారణంగా మిగతా కథ అచ్చయిన అక్షరాల్లోనే ఉండేది. చీటీ ఏం చెప్పిందన్నదే ముఖ్యం. ఎలా కనిపించిందన్నది పాఠకుడి ఊహకే. ఆటలో ఆ చీటీ బల్ల మీద పడాలి, చేతులు మారాలి, దీపం దగ్గర పెట్టి వెనుకవైపు చూడాలి.

తెలుగు మిషను ముద్ర

ఇంగ్లీషు టైపు పుటను గుర్తుపట్టించేది సమాన వెడల్పు. ‘ఐ’ అక్షరానికీ ‘ఎం’ అక్షరానికీ ఒకే చోటు. పైకా మిషనులో అంగుళానికి 10 అక్షరాలు, ఎలీట్‌లో 12. నిలువున అంగుళానికి 6 వరసలు. 1950లలో హోవర్డ్ కెట్లర్ ఐబీఎం కోసం గీసిన కొరియర్ అక్షరాలు ఈ రూపాన్ని కంప్యూటర్ దాకా తెచ్చాయి. 1991లో ఎరిక్ వాన్ బ్లాక్‌లాండ్ చేసిన ట్రిక్సీ ఫాంటు ఇంకో అడుగు వేసి, సిరా పట్టిన మురికి అక్షరాన్నీ రిబ్బన్ నేత గుర్తునూ కూడా ఫాంటులోకి ఎక్కించింది.

తెలుగు మిషనులో అసలు కథ వెడల్పు దగ్గర లేదు, నిలువులో ఉంది. మిషనుకు ఉన్నవి నలభై పైచిలుకు మీటలు. ఒక్కో మీటకు కిందా మీదా రెండు గుర్తులు. అంటే మొత్తం తొంభై దాకా గుర్తులతో అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, అంకెలు, విరామ చిహ్నాలు అన్నీ సర్దాలి. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. హల్లు ఒక దెబ్బ, తలకట్టు గానీ గుడి గానీ కొమ్ము గానీ ఇంకో దెబ్బ, వత్తు మరో దెబ్బ. వీటిలో కొన్ని మీటలు నొక్కితే కాగితాన్ని మోసే బండి కదలదు. టైపు నేర్చినవారు వాటిని ‘డెడ్ కీ’ అంటారు. గుర్తు పడుతుంది, చోటు మారదు, దాని మీదే తర్వాతి దెబ్బ పడుతుంది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం కోసం వేలు నాలుగు చోట్లకు పోవలసి వస్తుంది.

అలా ముక్కలుగా పడిన అక్షరం అచ్చు అక్షరంలా ఏకంగా ఉండదు. తలకట్టుకూ హల్లుకూ మధ్య సన్నని సందు మిగులుతుంది. గుడి ఒక వెంట్రుకవాసి కుడికి జరుగుతుంది. వత్తు తన హల్లు కింద సరిగ్గా కూర్చోక పక్క అక్షరం కిందికి పాకుతుంది. పై ముక్క నల్లగా, కింది వత్తు లేతగా పడవచ్చు, ఎందుకంటే రెండిటినీ కొట్టిన వేళ్ల బలం వేరు. వరుస కింద వత్తులకు, పైన గుణింతాలకు చోటు వదలాలి కాబట్టి వరసల మధ్య ఎడం ఎక్కువ. ఘ, ఝ, ణ వంటి వెడల్పు అక్షరాలు ఇరుక్కుంటాయి. ర, గ వంటివి చుట్టూ ఖాళీతో ఒంటరిగా నిలబడతాయి. తెలుగు టైపు పుటను పది అడుగుల దూరం నుంచి గుర్తుపట్టించేది ఈ అల్లిక. కొరియర్ పక్కన ఒక మామూలు తెలుగు ఫాంటు పెట్టి, కాగితానికి పసుపు రంగు పులిమి, కాఫీ కప్పు మరక వేస్తే అది పాత దస్త్రం కాదు. పాత దస్త్రానికి వేసిన వేషం మాత్రమే అవుతుంది.

ఇక స్టెన్సిల్. ఎక్కువ ప్రతులు కావలసినప్పుడు రిబ్బన్ తప్పించి, మైనపు కాగితం మీద నేరుగా కొట్టేవారు. దీన్ని స్టెన్సిల్ కోయడం అంటారు. ఆ కాగితాన్ని సైక్లోస్టైల్ మిషనుకు చుట్టి సిరా పట్టించి తిప్పితే వందల ప్రతులు దిగేవి. తెలుగు లిపి అంతా గుండ్రం; సున్న మరీ గుండ్రం. గట్టిగా కొడితే సున్న నడిమి ముక్క ఊడిపోయి, అచ్చులో ఖాళీ వలయానికి బదులు నల్లని చుక్క పడుతుంది. విరివిగా సున్నలున్న తెలుగు కరపత్రంలో పుటంతా ఇలాంటి చుక్కలు కనిపిస్తాయి. రూపకర్త ఇంకేమీ చేయకపోయినా, పదింట ఒక సున్నను మూసేస్తే చాలు, ఆ పుట సైక్లోస్టైల్ ప్రతి అని చూసినవారు నమ్ముతారు.

కార్బన్ ప్రతికి వేరే లక్షణాలు. అక్షరం అంచులు మెత్తబడి నీలంగానో ఊదాగానో పడతాయి. మూడో ప్రతి, నాలుగో ప్రతి అయ్యేసరికి వత్తులు దాదాపు మాయమవుతాయి. ఈ లోపాన్ని ఆటలోకి తెచ్చుకోవచ్చు. అసలు ప్రతి ఒకరి దగ్గర, నాలుగో కార్బన్ ఆటగాళ్ల దగ్గర ఉందనుకోండి. వత్తు కనబడని ఒక ఇంటిపేరు చుట్టూ గంటసేపు వాదన నడుస్తుంది. వెతుకులాట అంతా ఆ చెరిగిన వత్తు మీద నిలబడుతుంది. ఇంగ్లీషు టైపు పుట ఇవ్వలేని చిక్కుముడి ఇది, తెలుగు లిపికే సొంతం.

ఏ ఏడుకు ఏ కాగితం

గోదావరి నేపథ్యంలో దస్త్రాలు తయారుచేసేవారు తరచుగా జారిపడే చోటు కాలం. రెమింగ్టన్ కంపెనీ 1874లోనే టైపు మిషను అమ్మకానికి పెట్టింది. 1920ల నాటికి జిల్లా కచేరీల్లో మిషన్లు ఉన్నాయి. కానీ అవి కొట్టింది ఇంగ్లీషు. తెలుగు కాగితం అంటే అప్పట్లో చేతిరాతో, అచ్చో. కరణం లెక్క, అర్జీ, వాంగ్మూలం చేతిరాత. కరపత్రం, పత్రిక అచ్చు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. 1974లో ఏర్పడ్డ అధికార భాషా సంఘానికి వావిలాల గోపాలకృష్ణయ్య తొలి అధ్యక్షుడు. తెలుగు టైపు మిషను మామూలు ఆఫీసు బల్ల మీద విరివిగా కనిపించింది ఆ తర్వాతి కాలంలోనే. రెమింగ్టన్ ర్యాండ్‌తో పాటు, 1955లో దేశీయంగా టైపు మిషన్ల తయారీ మొదలుపెట్టిన గోద్రెజ్ కూడా తెలుగు మిషన్లు అమ్మింది. టైపు ఇన్‌స్టిట్యూట్లలో సాయంత్రం పూట లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చున్న తరం ఆ మిషన్ల పుణ్యమే.

కాబట్టి 1922 నాటి కథలో తెలుగులో టైపు కొట్టిన పోలీసు నివేదిక బల్ల మీద పెడితే, చరిత్ర తెలిసిన ఆటగాడు అక్కడే ఆగిపోతాడు. ఆ ఏడు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. తీసుకున్న ఆయుధాల వివరం రాసి సంతకం చేసి మరీ రాజు వెళ్లాడన్నది ప్రసిద్ధం. ఈ ఉదంతం చుట్టూ అల్లే సాహసానికి మూడు రకాల కాగితం సహజంగా వస్తుంది. దొరల మధ్య నడిచే టైపు నివేదిక ఇంగ్లీషులో. రాజు పేరిట వచ్చే జాబు తెలుగు చేతిరాతలో. ఊళ్లో పంచే పత్రం సీసపు అక్షరాల అచ్చులో. మరి తెలుగులో ఆడేవారికి ఆ ఇంగ్లీషు నివేదిక ఎలా అందించాలి? కోర్టులకు అనువాదకులు ఉండేవారు. ‘తర్జుమా నకలు’ అని తల మీద రాసి, చేతిరాతలో ఉన్న తెలుగు ప్రతిని దానికి గుండుసూదితో గుచ్చి ఇస్తే సరిపోతుంది. ఇంకా మేలు ఏమిటంటే, తర్జుమా చేసినవాడు ఒక వాక్యం వదిలేయవచ్చు. ఎందుకు వదిలేశాడన్నది ఆటలో మరో ముడి.

కాగితం తలకట్టు మీద ఉండే జిల్లా పేరు కూడా కాలాన్ని పట్టిస్తుంది. 1925కు ముందు పశ్చిమ గోదావరి జిల్లా లేదు. ఏలూరు, భీమవరం ప్రాంతం అప్పటికి కృష్ణా జిల్లాలో ఉండేది. గోదావరి జిల్లాకు తూర్పు అనే మాట తోడైందీ 1925లోనే. 1953 అక్టోబరు 1 దాకా పైన మద్రాసు ఉంటుంది, తర్వాత కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. తూర్పు గోదావరి కలెక్టరు కాగితం కాకినాడ నుంచి రావాలి. రాజమండ్రి జిల్లా కేంద్రమైంది 2022 ఏప్రిల్‌లోనే. చిరునామాలో పిన్ కోడ్ ఉందంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతి ఉత్తరం. నయాపైసలు కనిపిస్తే 1957 ఏప్రిల్ తర్వాతిది. అంతకు ముందు రూపాయలు, అణాలు, పైసలు. కరణం సంతకం 1984 తర్వాత ఉండకూడదు, ఆ ఏడే వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. గ్రామ లెక్కల మీద ఫసలీ సంవత్సరం వేస్తారు. జూలై 1న మొదలయ్యే ఆ లెక్కలో 1922-23 అంటే ఫసలీ 1332. పెళ్లి శుభలేఖ అయితే అదే ఏడు దుందుభి నామ సంవత్సరం.

ఇవి అలంకారానికి పనికొచ్చే చిల్లర వివరాలని అనుకోరాదు. దొంగ పత్రాన్ని పట్టుకోవడం ఆటగాళ్ల పని అయినప్పుడు, ఇవే ఆధారాలు. 1950 తేదీతో ఉన్న భూమి పత్రంలో నయాపైసలు కనిపిస్తే, పాచిక వేయకుండానే, తమ బుద్ధితోనే దాన్ని పట్టుకున్న ఆనందం ఆటగాళ్లకు దక్కుతుంది. రూపకర్త కావాలని వేసిన తప్పుకూ తెలియక చేసిన తప్పుకూ తేడా ఆటగాళ్లకు తెలియాలంటే, రెండో రకం తప్పు ఒక్కటీ ఉండకూడదు.

యానాం ఈ విషయంలో ప్రత్యేక నిధి. చుట్టూ బ్రిటిషు గోదావరి జిల్లా, మధ్యలో గౌతమి ఒడ్డున ఫ్రెంచివారి చిన్న పట్నం. 1929 నాటి శారదా చట్టం బాల్య వివాహాలను అడ్డుకున్నప్పుడు, ఆ చట్టం చెల్లని యానాంకు పెళ్లి బృందాలు వచ్చి పడేవి. దానికి కల్యాణపురం అనే పేరు అలా వచ్చిందే. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో పాలన చేతులు మారింది. నవంబరు 1న భారతదేశానికి పాలన అప్పగించారు. చట్టబద్ధమైన విలీనం 1962 ఆగస్టు 16న. దొంగ రవాణా, సరిహద్దు దాటిన ప్రేమికులు, ఇరుపక్కలా నమ్మకద్రోహులు: ఏ సాహసానికి ఇంతకన్నా ఏం కావాలి? ఫ్రెంచి టైపు మిషను మీటల వరుస కూడా వేరు. ఇంగ్లీషు మిషనులో క్యూ ఉన్నచోట ఏ, డబ్ల్యూ ఉన్నచోట జెడ్. అంకెలు కొట్టాలంటే షిఫ్ట్ పట్టాలి. బ్రిటిషు గుమాస్తా ఫ్రెంచి మిషను మీద దొంగచాటుగా ఉత్తరం కొడితే, ఏ ఉండవలసిన చోట్లలో క్యూ పడుతుంది, అంకెల చోట కోట్ గుర్తులూ, స్వర చిహ్నాలున్న ఫ్రెంచి అక్షరాలూ పడతాయి. ఆ తప్పుల వరసను బట్టి ఉత్తరం ఎక్కడ కొట్టారో ఆటగాళ్లు తేల్చవచ్చు.

1942 క్విట్ ఇండియా ఉద్యమం నాటి రహస్య బులెటిన్లు సైక్లోస్టైల్ యుగానికి చెందినవి. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపాను తెలుగు టైపు యుగానికి చెందినవి. సహాయక శిబిరాల జాబితాలు, మండల కార్యాలయాల ఆదేశాలు తెలుగులో టైపు కొట్టి జిరాక్సు తీసిన కాలం అది. వీటిని వాడేటప్పుడు జాగ్రత్త పడాలి. ఆ రాత్రి అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నాయి. నిజమైన ఊరి పేరుతో మృతుల జాబితా తయారుచేయడం ఏ ఆటకూ అవసరం లేదు. ఊరి పేరు కల్పించుకుంటే కథకు వచ్చే నష్టమేమీ లేదు.

పుట మీద పని

మొదటి నిర్ణయం ఏ భాగాన్ని టైపు రూపంలో ఉంచాలన్నది. మొత్తం పుస్తకాన్ని టైపు అక్షరాల్లో కూర్చాలని చాలామందికి ఉబలాటం. వద్దనే చెప్పాలి. కథ నడిపేవారు ఆట మధ్యలో ఒక పుట తిప్పి, పది సెకన్లలో కావలసిన పేరు పట్టుకోవాలి. ఎడం ఎక్కువై, వత్తులు చెదిరి, బరువు తేడాలున్న అక్షరాల్లో ఆ పని సాగదు. కథ నడిపేవారి పుటలు శుభ్రమైన అచ్చు అక్షరాల్లో ఉండాలి. ఆటగాళ్ల చేతికిచ్చేవి మాత్రమే టైపులో ఉండాలి. పుస్తకంలో ఆ దస్త్రం చిన్న బొమ్మగా, పక్కనే దానిలోని విషయం మామూలు అక్షరాల్లో ఉంటే రెండు అవసరాలూ తీరుతాయి.

టైపు మిషనుకు లావు అక్షరం లేదు, వాలు అక్షరం లేదు. నొక్కి చెప్పాలంటే కింద గీత, లేదా అదే అక్షరం మీద రెండోసారి కొట్టడం, లేదా ఎర్ర రిబ్బన్. శీర్షికను మధ్యకు తేవాలంటే అక్షరాలు లెక్కపెట్టి సగం వెనక్కి జరిపేవారు. లెక్క తప్పితే శీర్షిక కాస్త పక్కకు ఒరుగుతుంది. పట్టికలకు గీతలు ఉండవు, అడ్డగీతలను వరసగా కొట్టి గీతలా చేసేవారు. కుడి అంచు ఎప్పుడూ సమం కాదు. బెల్లు మోగాక కొద్ది దెబ్బల్లోనే వరస ముగించాలి కాబట్టి పొడవాటి తెలుగు మాటలు తరచుగా అంచు దాటి పోతాయి, లేదా తరవాతి వరుసకు పడి పెద్ద ఖాళీ వదులుతాయి. తప్పు పడితే దాని మీద వరసగా ఇంటూలు కొట్టేవారు. తెల్ల ద్రవంతో దిద్దడం 1950ల తర్వాతి మాట. 1922 కాగితంలో తెల్ల మరక ఉండరాదు.

ఆఫీసు కాగితానికి టైపు ఒక్కటే పొర కాదు. ముసాయిదాలో ఎడమ సగం ఖాళీగా వదిలేవారు, పైఅధికారి చేతిరాత దిద్దుబాట్లు అక్కడ పడతాయి. పైన ఆర్.సి. నంబరు, తేదీ, ప్రభుత్వ ఉత్తర్వైతే జి.ఓ. నంబరు. అందిన తేదీ ముద్ర వంకరగా, కొన్నిసార్లు టైపు వరస మీదే పడుతుంది. పెన్సిలుతో గుర్తులు, గుండుసూది తుప్పు, మడత దగ్గర అరిగిన గీత. ఈ పొరలన్నీ వేర్వేరు కాలాల్లో వేర్వేరు చేతులు వేసినవి. వాటి వరసను చదివితే కాగితం ఎవరెవరి బల్ల మీద ఆగిందో తెలుస్తుంది. నా దృష్టిలో రూపకర్త నైపుణ్యం ఇక్కడే తేలుతుంది. అక్షరాలు మురికిగా చేయడం సులభం. ఒక కాగితం పదేళ్ల ప్రయాణాన్ని అంచు రాతల్లో చెప్పించడానికి కథ మీదా కచేరీ పద్ధతి మీదా పట్టు కావాలి.

కాగితం కొలత కూడా చూసుకోవాలి. ఏ4 అంటే 210 × 297 మిల్లీమీటర్లు. పాత ఆఫీసుల్లో నడిచింది అంతకన్నా పొడుగైన ఫూల్‌స్కాప్, సుమారు 8.5 × 13.5 అంగుళాలు. ఇప్పుడు లీగల్ సైజు కాగితం జిరాక్సు దుకాణంలో సులభంగా దొరుకుతుంది, దాన్ని కొంచెం కత్తిరిస్తే సరి. మిగతా కాగితాల్లోంచి కింద పొడుచుకువచ్చే ఆ పొడుగే ‘ఇది పాతది’ అని చేతికి చెబుతుంది. తంతి కాగితం వేరే కొలత. ఇంగ్లీషు పెద్ద అక్షరాల సన్నని పట్టీలు అతికించి ఉంటుంది. తంతి సేవ 2013 జూలైలో ముగిసింది.

కంప్యూటర్ మీద

మంచి మార్గం నిజమైన తెలుగు మిషను మీద కొట్టి, 600 డీపీఐలో స్కాన్ చేసి వాడుకోవడం. గోద్రెజ్ 2009 ప్రాంతంలో తయారీ ఆపేసినా, కోర్టు ఆవరణల దగ్గరా మూతపడ్డ ఇన్‌స్టిట్యూట్లలోనూ పాత మిషన్లు ఇంకా కనిపిస్తాయి. రిబ్బన్ దొరికితే పని నడుస్తుంది. ఒక పూట కూర్చుని మొత్తం వర్ణమాలను, గుణింతాలను, వత్తులను మూడేసి సార్లు కొట్టి పెట్టుకుంటే అది జీవితకాలపు ముడిసరుకు.

మిషను లేనివారు ఫాంటుతోనే పని జరుపుకోవాలి. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి కూర్పు నుంచే ఉంది. అయితే యూనికోడ్ లెక్కకూ మిషను లెక్కకూ పొత్తు లేదు. ‘స్త్రీ’ యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. ఫాంటు వాటిని కలిపి ఒకే రూపంగా చూపిస్తుంది. అక్షరాల మధ్య దూరం సమానంగా పెంచాలంటే సంకేతాల మధ్య కాదు, అక్షరానికీ అక్షరానికీ మధ్య పెంచాలి. కొన్ని ప్రోగ్రాములు ఇది తెలియక వత్తును హల్లు నుంచి విడదీసి పడేస్తాయి. ఇన్‌డిజైన్ వాడేవారు వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకుంటే అక్షరం అక్షరంగా నిలుస్తుంది. అచ్చు దుకాణాల్లో ఇప్పటికీ రాజ్యమేలుతున్న అను ఫాంట్లు యూనికోడ్ కన్నా పాత పద్ధతివి. వాటిలో తలకట్టు, వత్తు, గుడి వేర్వేరు ముక్కలు. కూర్పు పనికి అది తలనొప్పే గానీ, టైపు రూపం తేవడానికి వరం. ఒక్కో ముక్కను విడిగా పట్టుకుని కొద్దిగా కిందికో పక్కకో జరపవచ్చు. అను ఫాంట్లకు వాడే ‘యాపిల్’ కీబోర్డు అమరిక మీద చేయి తిరిగిన డీటీపీ ఆపరేటరుకు ఇది గంట పని.

కథ నడిపేవారి పుటలకు సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లలో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి సరిపోతుంది. బండగా కనిపించే శీర్షికలకు రామభద్ర. వరసల మధ్య ఎడం అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. తగ్గితే పై వరస వత్తులు కింది వరస గుడులతో ఢీకొంటాయి.

అరుగుదలను కంప్యూటర్ మీద అద్దేటప్పుడు ఒక నియమం పాటించడం మంచిది. ప్రతి అక్షరాన్నీ ఇష్టం వచ్చినట్టు ఊపకూడదు. నిజమైన మిషనులో లోపం ఒక మీటకు చెందినది. ‘క’ మీట కొంచెం వంగితే పుటలో ప్రతి ‘క’ అలాగే పడుతుంది. ఏ మిషను మీద ఏ ఉత్తరం కొట్టారో పరిశోధకులు పోల్చగలిగేది దానివల్లనే. సాహసంలో రెండు మిషన్లు ఉన్నాయనుకోండి, ఒకటి కాలువల శాఖ ఆఫీసుది, ఒకటి వడ్డీ వ్యాపారి గుమాస్తాది. మొదటిదానిలో ‘క’ వంగి ఉంటుంది, రెండోదానిలో ‘ల’ వత్తు తెగి ఉంటుంది. ఆకాశరామన్న ఉత్తరం చేతికి రాగానే ఆటగాళ్లు అక్షరాలు పోల్చడం మొదలుపెడతారు. కాగితం మీద ఒక్క వాక్యమైనా రాయకుండానే నేరస్థుడి బల్ల దాకా దారి వేసినట్టే.

హద్దులు

దస్త్రం ఎంత నమ్మించినా ఆట వస్తువుగానే మిగలాలి. జాతీయ చిహ్నాన్ని అనుమతి లేకుండా వాడటాన్ని 2005 నాటి చట్టం నిషేధిస్తుంది. నాలుగు సింహాల ముద్రను ఆట కాగితం తల మీద వేయకూడదు. ఇప్పుడున్న ఆఫీసు ముద్రలను, సబ్ రిజిస్ట్రారు సీళ్లను, స్టాంపు కాగితం రూపాన్ని అలాగే దించరాదు. కల్పిత కార్యాలయానికి కల్పిత ముద్ర గీసుకోవాలి. బ్రిటిషు కాలపు కథకు కూడా చిహ్నం ఉండవలసిన చోట ఖాళీ వలయం గీసి, దాని మీద అందిన తేదీ ముద్ర కొట్టేస్తే చూసేవారికి లోటు కనిపించదు. బతికున్నవారి పేర్లు, నిజమైన సర్వే నంబర్లు వాడకూడదు. ప్రతి కాగితం వెనుక సాహసం పేరు, అచ్చు వేసిన ఏడు చిన్న అక్షరాల్లో వేసి ఉంచాలి. ఆట ముగిశాక పాత పుస్తకంలో మరిచిపోయిన ఒక ‘నకలు’ ఇరవై ఏళ్లకు ఎవరి చేతికో చిక్కితే, అది ఏ పొలం గట్టు తగాదాలోనూ సాక్ష్యంగా బయలుదేరకుండా ఆ చిన్న వరసే అడ్డుపడుతుంది.